తల్లి జబ్బు ఎవరి లెక్కలో ఉంది?

(సోమశిలలో మహిళా కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో తిరిగేవాళ్ళు మీరు. చీముగడ్డలతో, న్యుమోనియాతో మగపిల్లలు వరసగా పోయిన ఇంట్లో ముందుగా వినిపించే మాట, "కోడలు పుట్టింటి నుంచి తెచ్చిన రోగం." ఇందులో సగం నిజం ఉంది. ఆ సగం నిజమే ప్రమాదం.

క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అనే అరుదైన రోగనిరోధక లోపాన్ని తీసుకుందాం. ఇందులో తెల్లరక్తకణాలు క్రిములను మింగుతాయి గాని కొన్నిటిని చంపలేవు. ఒక రకానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఎక్స్ ఒకటే కనుక జబ్బు తప్పదు. తల్లికి రెండు. ఆమెను "వాహకురాలు" అని రాసి కాగితం మూసేస్తారు.

కాని స్త్రీ శరీరంలో ఒక్కో కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోతుందని మేరీ లయన్ 1961లోనే చెప్పారు. ఏది నిద్రపోవాలన్నది పిండదశలోనే కాకతాళీయంగా తేలుతుంది. అందుకే ఒకే లోపమున్న అక్కచెల్లెళ్ళలో అక్కకు సగం కణాలు బాగా పనిచేస్తే, చెల్లెలికి పదింట ఒకటే పనిచేయవచ్చు. అప్పుడు చెల్లెలికీ అన్నదమ్ములకు వచ్చే గడ్డలే రావచ్చు. సగం బాగున్న అక్కకూ నోటిపూత, ఎండ తగిలితే దద్దుర్లు, కీళ్ళనొప్పులు ఉండవచ్చు. బిడ్డను చంకనేసుకుని నెల్లూరు బస్సెక్కే తల్లిని "నీకెలా ఉందమ్మా?" అని ఎవరడిగారు?

అన్నదమ్ముల్లోనూ జబ్బు ఒకేలా ఉండదు. ఒకడికి ఏడాదిలోపే న్యుమోనియా, ఇంకొకడికి బడి వయసులో కాలేయంలో గడ్డ. మిగతా జన్యువులు, ఎదురైన క్రిములు ఆ తేడా తెస్తాయి. పేడదిబ్బ, కుళ్ళిన గడ్డి మీది బూజు ఈ పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు.

మరో రకంలో లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. ఆడపిల్లలకూ సమానంగా వస్తుంది. పెళ్ళి కుదిర్చింది పెద్దలు, నింద మోసేది కోడలు!

డి.హెచ్.ఆర్. అనే రక్తపరీక్ష బిడ్డ జబ్బునే కాదు, ఎక్స్ రకంలో తల్లికి ఎన్ని కణాలు పనిచేస్తున్నాయో కూడా చెబుతుంది. రోజూ వేసుకునే కోట్రైమోక్సజోల్, ఇట్రాకొనజోల్ ఇన్‌ఫెక్షన్లను తగ్గిస్తాయి. మూలుగ మార్పిడితో నయం కావచ్చు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు ఉంది. గుర్తించిన కేంద్రాల్లో 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. హైదరాబాదు నిమ్స్ అలాంటి కేంద్రం. అటువంటి ఇంట మళ్ళీ బిడ్డ పుడితే, బి.సి.జి. టీకాకు ముందే డాక్టరుకు సంగతి చెప్పాలి.

ఒక్క మాట. మనం రాసుకునే కాగితంలో బిడ్డ పేరు కింద తల్లికి, అక్కకు, పిన్నికి తలా ఒక గడి గీద్దాం. బిడ్డను మోసినందుకు కాదు, తమకూ ఒక ఒళ్ళు ఉన్నందుకు.