జిగురు గల జీవులు

 

స్నాతకులారా, మంజీరానదికి అడ్డముగా 1923 మొదలు 1931 వఱకు నిర్మింపబడిన నిజాంసాగరపు నీట పండిన చెరకును నమ్ముకొని, 1937లో బోధనునందు నెలకొన్న చక్కెర కర్మాగారమును గూర్చి మీ తాతలు చెప్పగా వినియుందురు. నరికిన చెరకు బండ్లమీద ఎండలో నిలిచిపోయెనా, కోతమొగమున జొచ్చిన ల్యూకోనోస్టాక్ అను సూక్ష్మజీవి సుక్రోజును విడగొట్టి, అందలి గ్లూకోజును గొలుసుగా కూర్చి, డెక్‌స్ట్రాను అను జిగటగా మార్చును. రసము తీగసాగును, గొట్టములు పూడును, చక్కెర పలుకులు సూదులవలె సాగిపోవును. మిల్లువారికి పగయైన ఆ జీవియే మన యిండ్ల రాత్రి రుబ్బిన ఇడ్లీపిండిని తెల్లవారుసరికి పొంగించువానిలో నొకటి. ఈ అంటుకొను గుణమే నేటి నా వస్తువు.

ఇక అది మన ప్రేగున నెట్లు పనిచేయునో చూతము. ప్రేగు లోగోడమీద, చక్కెర గొలుసులు తొడిగిన మ్యూసిన్ అను మాంసకృత్తు శ్లేష్మమై పఱచుకొని యుండును. పెద్దప్రేగున నది రెండు పొరలు: లోపొర దట్టమై సూక్ష్మజీవులను దరిజేరనీయదు, వెలిపొర వదులై వానికి తావిచ్చును. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అను, మేలుకొఱకు సేవించు ప్రసిద్ధ ప్రోబయోటిక్ జీవి మేన సన్నని రోమములు కలవనియు, వానియందలి స్పాసీ అను మాంసకృత్తు ఆ శ్లేష్మమును పట్టుకొనుననియు 2009లో తేలినది. పట్టుకొని యూరకుండదు, పీ-40 అను మాంసకృత్తును స్రవించి, లోగోడ కణముల గ్రాహకములను మేల్కొలిపి, వానిని అకాలమృతినుండి కాచునని ప్రయోగశాలలో కనుగొనిరి.

అయినను ఆ కణములే మూడు నుండి అయిదు దినములలో రాలిపోవుచుండ, శ్లేష్మమే నిత్యము కొట్టుకొనిపోవుచుండ, అతిథి యెంతకాలము నిలుచును? సేవించుట మానిన కొలదిదినములకే పెద్దలలో ననేకులయందు ఆ జీవులు కానరావు. ఒక్క సీసాతో జన్మమంతయు కాపురముండునని చెప్పు వర్తకుని మాట నాకు రుచింపదు. శిశువుల సంగతి వేఱు. ఒడిశా పల్లెలలో 4,556 మంది నవజాతశిశువులపై జరిగి, 2017లో ప్రకటితమైన పరీక్షయందు, ప్రేగున నిలువగల శక్తి చూచి యెన్నుకొన్న లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను ఫ్రక్టో-ఆలిగోశాకరైడుతో కలిపి వారము దినము లీయగా, రెండు మాసములలో సెప్సిస్ అను రక్తదోషముగాని మరణముగాని సంభవించుట 9 శాతమునుండి 5.4 శాతమునకు దిగెను.

ఆ ఫ్రక్టో-ఆలిగోశాకరైడు, ఆ జీవికి ఆహారము, చెరకు సుక్రోజునుండియే ఎంజైముల సాయమున తయారు చేయవచ్చును. బోధను మిల్లు 2015లో మూతపడినది గాని, చెరకు పండించు చేతులు ఇంకను కలవు. మీలో జీవసాంకేతికశాస్త్రము చదివినవా రెవరైన ఈ పనికి పూనుకొందురేని, ముడిసరుకునకై దూరదేశములు తిరుగ నక్కఱలేదు.