కండరానికీ సెలవు కావాలి
(పిడుగురాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రెండేళ్ళ క్రితం మా ఆవిడ పెరట్లో జారి పడింది. లేవనెత్తబోతే నా వల్ల కాలేదు. పక్కింటి కుర్రాణ్ణి కేకేయాల్సి వచ్చింది. ఆ సిగ్గుతో మర్నాటి నుంచే ఇసుక సంచులెత్తడం, గుంజీలు తీయడం మొదలుపెట్టాను. ఒక్కరోజూ మానలేదు. పదిహేనో రోజుకు భుజం పట్టేసింది. నెల్లాళ్ళు నీళ్ళ చెంబు కూడా ఎత్తలేకపోయాను.

తర్వాత తెలిసిందేమిటంటే, బరువెత్తడం కండకు పని చెప్పడమే. అది బలపడేది విశ్రాంతిలో. అలసిన కండరం కోలుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మన వయసులో ఇంకాస్త ఆలస్యం. అందుకని ఒకే కండరానికి వరుసగా రెండు రోజులు గట్టి పని చెప్పకూడదు. అలాగని వారాల తరబడి సెలవు పెడితే ఉన్నదీ కరుగుతుంది. వారానికి కనీసం 2 రోజులు కండర వ్యాయామం, మనలాంటి పెద్దలకు 3 రోజులు తూలిపడకుండా నిలకడనిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

"మన సున్నపు బట్టీల కూలీలు రోజూ గంపలు మోయడం లేదా?" అన్నారొక మిత్రులు. వారు మోసేది కండ కోసం కాదు, కూటి కోసం. నడుము నొప్పుల సంగతి వారినే అడగండి.

నేను సోమ, గురువారాల్లో చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేస్తాను, గోడకు దండీలు తీస్తాను. మిగతా రోజులు నడక. అందులో మూడు రోజులు తలుపు పట్టుకుని ఒంటికాలిపై నిలబడతాను. పప్పు, గుడ్డు, మజ్జిగ మానను. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు డాక్టరుగారినడిగి మొదలుపెట్టండి.

సర్వీసులో సెలవడగడానికి భయపడ్డాం. ఇప్పుడు మంజూరు చేసే అధికారులం మనమే. మొన్న మా ఆవిడ పీట మీంచి లేవలేక చెయ్యి చాపింది. ఈసారి ఎవర్నీ కేకేయలేదు.

సెలవు.