ఊరికి వచ్చేవారు, పోయేవారు



భూపాలపల్లి దగ్గరి చెల్పూరునే తీసుకోండి. 2010లో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం నడవడం మొదలయింది. పని కోసం ఎక్కడెక్కడివారో వచ్చి చేరారు. మిర్చి ఏరే రోజుల్లో ఛత్తీస్‌గఢ్ కూలీలు ఈ జిల్లాకు వస్తారు. మన పిల్లలేమో హైదరాబాదు దారి పడతారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వలసకు అన్నిటికన్నా పెద్ద కారణం ఏమిటనుకున్నారు? పెళ్లి! మెట్టినింటికి వచ్చిన కోడళ్లూ ఆ లెక్కలో వలసవారే. కాని రెండు నెలలు మిర్చి ఏరి వెళ్లిపోయే కుటుంబం ఆ లెక్కకు సరిగా అందదు. లెక్కకందని వారి పిల్లలు బడికీ అందరు.

కాబట్టి విస్తరణ కార్యకర్తలు ఊరికొక పుస్తకం పెట్టాలి. ఎవరు వచ్చారు, ఏ ఊరు, ఎన్నాళ్లుంటారు, పిల్లలెందరు అని రాసుకోవాలి. ఆ పిల్లల సంగతి బడిలో చెప్పాలి.

రైతులు కూలి ఎంతో ముందే తేల్చి చెప్పాలి. చేనుకాడ నీడ, తాగేనీరు చూడాలి. ఆహారభద్రత రేషన్ కార్డు ఉన్నవారికి ఇక్కడి చౌకదుకాణంలోనూ బియ్యం దొరుకుతాయి. ఆ మాట వారి చెవిన వేయండి.

ఈ ఏడు మంచిగా చూస్తేనే గదా, వచ్చే ఏడు మీ చేనుకు మళ్లీ వస్తారు!