ఇంటికి ఐదు కిలోవాట్లు

స్కాట్లండ్ పడమటి తీరాన ఎగ్ అనే దీవి ఉంది (కోడిగుడ్డుతో సంబంధం లేదు లెండి). జనం వంద పైచిలుకు. 2008 దాకా చాలావరకు ఎవరి డీజిల్ జనరేటరు వారిదే. ఆ ఫిబ్రవరి నుంచి నీరు, గాలి, ఎండలతో చేసిన కరెంటు ఇరవైనాలుగు గంటలూ అందుతోంది. లోటుపడితేనే డీజిల్. పెట్టుబడిలో సింహభాగం గ్రాంటులేనన్నది దాచకూడదు.

నాకు నచ్చింది గాలిమరలు కాదు. ఇంటికి 5 కిలోవాట్లు, వ్యాపారానికి 10. ఒకేసారి అంతకు మించితే కరెంటు కట్, ఎంత డబ్బున్నా సరే! 1997లో ట్రస్టు ద్వారా దీవిని భూస్వామి నుంచి కొనుక్కున్న జనం కలిసి ఒప్పుకున్న షరతు ఇది.

మన ఊళ్ళకు సోలార్ పలకలు పంపుదామని చందాలు వేస్తున్నాం. ఎవరికెంతో ఊరు తేల్చుకుందా? ముందు అది కనుక్కుందాం.