జీపులోనే గాలి – అక్కర, అమరిక, అపాయం

(కంగ్టిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకునే వేదిక మీద జీపు ముచ్చట ఏమిటని కొందరికి తోచవచ్చు. కారణం ఉంది. మనలో కొందరి ఇళ్లలో కొడుకులో మనవళ్లో జీపు నడుపుతున్నారు. దానికి గాలి కంప్రెసరు బిగించాలని, గాలి ట్యాంకు పెట్టించాలని ముచ్చట పడుతున్నారు. డబ్బు మాత్రం తరచుగా మన పింఛను ఖాతాలోంచే పోతుంది. ఇచ్చేవారికి ఆ సామాను ఏమిటో, అందులో ఏది అవసరమో, ఏది ప్రాణం మీదికి తెస్తుందో తెలియాలి. నేను మెకానిక్కును కాను. ఆఫీసు జీపు లాగ్‌బుక్కు, టైర్ల బిల్లులు చూసిన గుమాస్తాను. బిల్లులో ఒక్కొక్క వస్తువు ఎందుకని అడగడమే నా ఉద్యోగం. ఇక్కడా అదే పద్ధతి పాటిస్తాను.

మొదట అక్కర సంగతి. మన కంగ్టి జిల్లాకు ఒక మూలన ఉంది. తారు రోడ్డు దిగితే నల్లరేగడి, లేకుంటే రాళ్ల బాట. మంజీర వైపు పోతే ఇసుక. ఇసుకలో టైరు గాలి కొంత తగ్గిస్తే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటు మీద పడి బండి దిగబడదు. రాళ్ల బాటలోనూ కొద్దిగా తగ్గిస్తే కుదుపు తగ్గుతుంది. అయితే రేగడి బురదలో ఈ ఉపాయం అంతగా పారదు. బంకమన్ను టైరు గాడుల్లో నిండి టైరు నున్నగా అయిపోతుంది. అక్కడ గాలి తీసేసి లాభం లేదు, ఆగి దారి మార్చుకోవడమే మేలు.

గాలి తగ్గించడం ఎవరికైనా చేతనవును. ఒక పుల్ల ఉంటే చాలు. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు నింపడమే కష్టం. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ మడతపడి వేడెక్కుతాయి. ఆ వేడికి లోపలి దారాలు వదులై టైరు పగులుతుంది. పగిలేది ఇసుకలో కాదు, మంచి రోడ్డు మీద, వేగంలో. పంక్చరు దుకాణం వచ్చేదాకా మెల్లగా పోదామనుకుంటే, రాత్రిపూట రోగిని తీసుకుని బీదరుకో సంగారెడ్డికో పోయేవాడికి ఆ దుకాణం తెరిచి ఉంటుందా? బండిలోనే గాలి ఉండాలన్న కోరిక ఇక్కడ పుట్టింది. అది న్యాయమైన కోరికే.

ఈ ఆలోచన కొత్తది కాదు. డన్‌లప్ 1888లో బెల్‌ఫాస్టులో గాలి టైరు చేసిన నాటి నుంచి పంపు దాని వెంటే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం నేల మీద, నీటి మీద నడిచే 'డక్' అనే లారీని 1942లో తయారు చేసింది. దాని డ్రైవరు సీట్లో కూర్చునే టైర్లలో గాలి తగ్గించేవాడు, పెంచేవాడు. సముద్రపు ఇసుక దాటగానే మళ్లీ నింపి రోడ్డెక్కేవాడు. మన రోడ్ల మీద తిరిగే పెద్ద లారీల్లోనూ ఇంజను నడిపే కంప్రెసరు, గాలి ట్యాంకులు ఉన్నాయి. అవి బ్రేకుల కోసం. మన పక్కనే జహీరాబాదులో మహీంద్రావారి కార్ఖానా ఉంది. ఆ కంపెనీ 1940ల చివరలో బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడంతో ఈ వ్యాపారంలోకి దిగింది. అంటే జీపు మనకు పాత చుట్టమే. దానిలోకి కంప్రెసరు కొత్తగా వచ్చింది.

ఇక అమరిక. సులువైనది బ్యాటరీతో నడిచే 12 వోల్టుల కంప్రెసరు. జీపుకు సరిపడేది సుమారు 30 ఆంపియర్లు లాగుతుందనుకోండి. 12ను 30తో హెచ్చవేస్తే 360 వాట్లు. సిగరెట్ ముట్టించే సాకెట్టు ఇంత భారం మోయదు. దానిది చిన్న ఫ్యూజు, సన్నని తీగ. అందుకని బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ వేయాలి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాలి, చివరన కాదు. చివరన పెడితే మధ్యలో తీగ ఒరుసుకుని రేకుకు తగిలినప్పుడు ఫ్యూజు కాపాడదు, తీగే కాలుతుంది. స్విచ్చికి భారం పడకుండా రిలే ఉండాలి. నడిపేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉండాలి, లేకుంటే గాలి నిండుతుంది గాని బండి స్టార్టు కాదు. సైలెన్సరు వేడికి దూరంగా, నీళ్లు తగలని ఎత్తులో, దుమ్ము తక్కువ ఉన్న చోట బిగించాలి. గాలి లోపలికి తీసుకునే దారికి ఫిల్టరు తప్పదు. కొంతసేపు నడిచాక దానికి విశ్రాంతి ఇవ్వాలి. ఎంతసేపన్నది దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది.

ట్యాంకు పెట్టాలా వద్దా అన్నదే ఇవాళ్టి ముఖ్య ప్రశ్న. లెక్క చూద్దాం. జీపు టైరులో సుమారు 45 లీటర్ల చోటు అనుకుందాం. 20 పౌండ్ల నుంచి 32కు పెంచాలంటే 12 పౌండ్లు కావాలి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 14.7 పౌండ్లు. ఆ లెక్కన ఒక్కో టైరుకు సుమారు 37 లీటర్ల బయటి గాలి, నాలుగింటికి సుమారు 150 లీటర్లు పడుతుంది. 10 లీటర్ల ట్యాంకును 120 పౌండ్లకు నింపితే, అది 32కు దిగేలోపు ఇచ్చేది సుమారు 60 లీటర్లు. అంటే ఒకటిన్నర టైరు. మిగతా పని ఎలాగూ కంప్రెసరుదే. నిమిషానికి 40 లీటర్లు లాగే కంప్రెసరు ట్యాంకు లేకుండానే, గొట్టం మార్చుకునే సమయం కలిపి పది నిమిషాల్లో నాలుగు టైర్లూ నింపుతుంది. మనకు కావలసింది గాలి, గాలి నిల్వ కాదు. ట్యాంకుతో వచ్చే అసలు తొందర గాలి హారను కోసం. రకరకాల స్వరాలు పలికే హారన్లను 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 119వ నిబంధన నిషేధించింది. ముచ్చట తీరకముందే చలానా వస్తుంది.

అపాయం కూడా ట్యాంకులోనే ఉంది. ఎనిమిది అంగుళాల వెడల్పున్న గుండ్రటి మూత వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. 120 పౌండ్ల ఒత్తిడి అంటే దాని మీద 6,000 పౌండ్లు, సుమారు 2,700 కిలోలు. 27 క్వింటాళ్ల కందులు ఆ మూతను లోపలి నుంచి నెడుతున్నట్టు లెక్క. వెల్డింగు ఒక్క చోట బలహీనపడితే ఆ మూత మనిషిని చూసి ఆగదు. ట్యాంకు గట్టిదనాన్ని నీళ్లతో పరీక్షించడం అందుకే. నీరు నొక్కుకుపోదు, కాబట్టి పగిలినా కారుతుందే తప్ప పేలదు. గాలి అలా కాదు.

కాబట్టి కొన్ని నియమాలు. పాత వంటగ్యాసు సిలిండరును కోసి గాలి ట్యాంకు చేయించవద్దు. లోపల మిగిలిన గ్యాసు వెల్డింగు నిప్పుకు అంటుకుంటుంది. పైగా ఆ సిలిండరు మనది కాదు, కంపెనీది. పి.వి.సి. పైపును గాలికి వాడవద్దు. అది చీలదు, ముక్కలై ఎగురుతుంది. ట్యాంకు పెట్టి తీరాలంటే గాలి కోసమే తయారై, ఎంత ఒత్తిడికో ముద్ర ఉన్నదే కొనాలి. నిర్ణీత ఒత్తిడి రాగానే ఆపే ప్రెషరు స్విచ్చి ఉండాలి. అది పనిచేయనినాడు తనంతట తానే తెరుచుకునే సేఫ్టీ వాల్వు ఉండాలి. దాని ఒత్తిడి స్విచ్చి కంటే ఎక్కువ, ట్యాంకు ముద్ర కంటే తక్కువ. కంప్రెసరుకు, ట్యాంకుకు మధ్య గాలి వెనక్కు రాకుండా చెక్ వాల్వు, వేడికి తట్టుకునే గొట్టం. అన్నిటికీ అడుగున నీళ్లు వదిలే చిన్న కొళాయి. గాలిని నొక్కితే అందులోని తేమ నీరవుతుంది. వదలకపోతే ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, పైన రంగు మాత్రం కొత్తగానే ఉంటుంది.

ఛాసిస్‌ను కోయడం, దానికి వెల్డింగు చేయడం వద్దు. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కట్టడి చేస్తుంది. అనుమానం ఉంటే రవాణా శాఖ కార్యాలయంలో ముందే అడగండి. తరువాత బీమా కంపెనీ ముందు నిలబడి చెప్పుకోవడం కంటే అది తేలిక.

కంప్రెసరు చేయలేనిది ఒకటుంది. ట్యూబు టైరు పంక్చరైతే ఎంత గాలి కొట్టినా నిలవదు. స్టెప్నీ, జాకీ ఉండాల్సిందే. ట్యూబు లేని టైరైతే మేకు దిగిన చోట ప్లగ్గు వేసి, గాలి నింపి ఊరు చేరవచ్చు. స్టెప్నీలో గాలి నెలకోసారైనా చూడాలి. అవసరం వచ్చిన రోజున అదే ఖాళీగా ఉండటం మామూలు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన గాని, బండి పుస్తకంలో గాని రాసి ఉంటుంది.

ఇంటికి వెళ్లాక పిల్లలు బిల్లు తెస్తే వారిని కోప్పడకండి. ఐదు ప్రశ్నలు అడగండి. ఫ్యూజు బ్యాటరీ దగ్గర ఉందా? తీగ ఎంత లావు? ట్యాంకు నిజంగా కావాలా? కావాలంటే దాని మీద ముద్ర ఏదీ? సేఫ్టీ వాల్వు, నీళ్ల కొళాయి బిల్లులో ఉన్నాయా? సాధారణంగా బిల్లు తగ్గించడానికి కొట్టేసేవి ఈ చివరి రెండే. వాటి ఖరీదు మొత్తంలో చాలా తక్కువ. ఎక్కడన్నా పొదుపు చేయాలంటే హారను దగ్గర చేయమనండి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి సంతోషంగా డబ్బివ్వండి. రాత్రివేళ ఎవరింటి రోగినో ఆ బండే ఆసుపత్రికి చేర్చవచ్చు.