పైకప్పును తట్టి వినే విద్య: ఒక స్నాతకోత్సవ ప్రసంగం

స్నాతకోత్సవ వేదికపై పెద్ద సంగతులే మాట్లాడటం ఆనవాయితీ. దేశ నిర్మాణం, విజ్ఞాన ప్రగతి, యువత కర్తవ్యం అన్న మూడింటినీ తడమకుండా వేదిక దిగిన వక్తలు అరుదు. అయితే తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటిదారి పట్టే శిష్యుడికి ఆచార్యుడు చేసిన ఉపదేశాన్ని పరిశీలిస్తే, తల్లిదండ్రులతో, అతిథులతో ఎలా మెలగాలి, దానం ఏ మనసుతో ఇవ్వాలి వంటి నిత్యజీవిత విషయాలకే అందులో ఎక్కువ చోటు దక్కినట్టు కనిపిస్తుంది. బొగ్గు గనుల ఊరైన గోదావరిఖనిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి ఆ పాత పద్ధతే సరైనదనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఈ నేలపై ప్రాణాలు నిలిపిన జ్ఞానంలో పెద్ద భాగం, షిఫ్టు షిఫ్టుకూ మళ్లీ మళ్లీ చేసే చిన్న పనుల్లోనే ఉంది.

బొగ్గు చరిత్ర ఈ ప్రాంతపు విద్యార్థులకు కొత్త కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గును గుర్తించడం, 1889లో తవ్వకాలు మొదలుకావడం, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ ఆ పేరుతో నమోదుకావడం, నేడు అందులో తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉండటం, ఇవన్నీ పోటీ పరీక్షల కోసం ఎలాగూ కంఠస్థం చేస్తారు.

ఏ పోటీ పరీక్షలోనూ రాని సంగతి ఒకటుంది. భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట తలపై మిగిలే రాతి పొరను పైకప్పు అంటారు. పని మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్, అంటే ఆ పని స్థలపు భద్రతకు చట్టరీత్యా బాధ్యుడైన పర్యవేక్షకుడు, దాన్ని కర్రతో తట్టి చెవి ఒగ్గి వింటాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట ఆసరా ఇచ్చేదాకా, లేదా ఆ రాతిని జాగ్రత్తగా కింద పడగొట్టేదాకా, మనిషి అడుగు పెట్టకూడదు. ఒకప్పుడు ఆసరాగా నిలిపిన కట్టె బరువు పెరిగినకొద్దీ చిటపటలాడి ముందే హెచ్చరించేదని, ఇనుప ఆసరాకు ఆ మాటకారితనం లేదని అనుభవజ్ఞులు చెప్పుకుంటారు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు పేలుడు స్వభావం కలిగి ఉంటుందన్నది రసాయన శాస్త్ర పాఠం. భద్రతా దీపపు మంటను తగ్గించి, దాని మీద లేత నీలి తొడుగు ఏ మేరకు లేచిందో చూసి ఆ వాయువు ఉనికిని కనిపెట్టడం సర్దార్ నేర్చిన పాఠం. రెండోది మొదటిదానికంటే తక్కువ చదువని ఏ విద్యాసంస్థా నిరూపించలేదు.

దీపాల గదిలో జరిగే లెక్క కూడా అటువంటిదే. గనిలోకి దిగే ప్రతి మనిషీ మస్టర్ వేయించుకుని, తన పేరున ఉన్న టోపీ దీపాన్ని తీసుకుని, షిఫ్టు దిగాక దాన్ని తిరిగి అప్పగిస్తాడు. ఒక్క దీపం తిరిగి రాలేదంటే, ఎవరో ఒకరు ఇంకా లోపలే ఉండవచ్చన్న అనుమానంతో వెతుకులాట మొదలుకావాలి. హాజరు పిలిచి పుస్తకం మూసేయడంతోనే బాధ్యత తీరిందనుకునే తరగతి గదులు ఈ లెక్కను చూసి కొంత సిగ్గుపడవచ్చు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రపోయే రెండు గదుల క్వార్టర్‌లో, తలుపు చప్పుడు కాకుండా వేయడం, గుసగుసగా మాట్లాడుకోవడం నేర్చి పెరిగిన పిల్లలు బడిలోనూ నోరు మెదపకపోతే, వారిని మందబుద్ధులుగా జమకట్టిన ఉపాధ్యాయులు లేకపోలేదు. ఆ మౌనం వెనుక ఇంకొకరి అలసటను గుర్తించే శిక్షణ ఉందని అర్థమయ్యేసరికి పిల్లలు పై తరగతికి వెళ్లిపోతారు.

ఇంతమాత్రాన, కార్మికుడి అప్రమత్తతే అన్నిటినీ కాపాడుతుందని చెప్పడం అన్యాయమవుతుంది. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. అంతకు ముందు, 1975 డిసెంబర్ 27న, ధన్‌బాద్ సమీపంలోని చస్నాలాలో తవ్వి వదిలేసిన పాత గని భాగాల్లో నిలిచిన నీరు కింది గనిని ముంచెత్తినప్పుడు 375 మంది ప్రాణాలు పోయాయి. తలపై రాయి డొల్లగా పలికితే చెవికి తెలుస్తుంది గానీ, గోడ అవతల నిండి ఉన్న నీరు పలకదు. అది ఎక్కడుందో ముందుగా చెప్పేది ప్రధానంగా గని పటమే. వాడకం ఆగిన పాత గని భాగాలకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి, కానీ ఆ 60 మీటర్లను కొలిచేది కాగితం మీది గీత నుంచే. ఎన్నో ఏళ్ల కిందట ఒక సర్వేయర్ సాయంత్రం తొందరలో ఆ గీతను రెండు అంగుళాలు పక్కకు గీసి ఉంటే, దాన్ని నమ్మి దిగిన ఫిల్లర్‌కు, అంటే బొగ్గు నింపే కార్మికుడికి, సరిచూసుకునే దారి లేదు. చదువుకున్నవారి చిన్న పనికీ, చదువుకోని వారి చిన్న పనికీ తేడా ఇక్కడే ఉంది: సర్దార్ తప్పు వింటే ఆ రాయి అతని మీద కూడా పడుతుంది, పటం గీసినవాడు మాత్రం అప్పటికి పదవీ విరమణ చేసి ఉండవచ్చు. పట్టా అందుకుంటున్నవారిలో ఎక్కువమంది గనిలోకి దిగరు. హైదరాబాద్‌లో కోడ్ రాసేవారూ, ఆసుపత్రిలో మందుచీటీ రాసేవారూ, కార్యాలయంలో పింఛను దస్త్రం కదిపేవారూ వీరిలో ఉంటారు. వీరంతా ఏదో ఒక రూపంలో పటం గీసేవారే.

ఈ చిన్న పనుల రూపమూ మారుతోంది. నేలను పైనుంచి తెరిచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు విస్తరించినకొద్దీ తట్టి వినడానికి పైకప్పు ఉండదు; తవ్విపోసిన మట్టి కుప్పల అంచున కొత్తగా పడిన పగులును గమనించే కన్ను దాని చోటుకు రావాలి. లోపలికి దిగేవారూ మారుతున్నారు. వలస పాలనలో 1930ల చివరికి భూగర్భ పని నుంచి తొలగించిన మహిళలను, యుద్ధకాలపు కొద్దిపాటి సడలింపును మినహాయిస్తే, 1952 గనుల చట్టం కూడా బయటే ఉంచింది. 2019లో కేంద్రం షరతులతో ఆ నిషేధాన్ని సడలించింది. గని మేనేజర్ కావాలనుకునే వారికి, అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా, ఇంజనీరింగ్ పట్టా ఒక్కటే చాలదు. నిర్ణీత కాలం గనిలో పనిచేసిన అనుభవం చూపి, గనుల భద్రతా డైరెక్టరేట్ నిర్వహించే పరీక్షలో నెగ్గి, యోగ్యతాపత్రం పొందాలి. ఆ అనుభవ కాలంలో వారి పక్కన నిలబడి, కర్ర చేతికిచ్చి, ఇక్కడ తట్టి చూడండని చెప్పే మనిషికి బహుశా ఏ పట్టా ఉండదు.