తుఫాను రోజుల్లో తల్లీబిడ్డల తిండి
(వార్షిక మహాసభలో మా సంఘం తరఫున మాట్లాడినది)



మాకిచ్చిన అంశం ప్రకృతి వైపరీత్యాలు, తల్లీబిడ్డల పోషకాహారం. అంత పెద్ద మాట ఎందుకండీ, మనకి తెలిసిన పేరు హుద్‌హుద్. 2014 అక్టోబరు 12, ఆదివారం. రేకులు ఎగిరిపోయిన సంగతి అందరూ చెప్తారు. ఆ తర్వాత వంటింట్లో జరిగింది మేము చెప్తాం.

రోజుల తరబడి కరెంటు లేదు. మోటార్లు ఆడక నీళ్లూ లేవు. పాల ప్యాకెట్టు రెట్టింపు ధర పలికింది, అదీ తెల్లారకుండా లైన్లో నిలబడితేనే. సింహాచలం కొండ మీద చెట్లు కూలిపోయాయి. మా పెరట్లో ములగచెట్టు, బొప్పాయి చెట్టు కూడా పోయాయి. సర్కారు బియ్యం, పప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఇచ్చింది, కాదనం. కడుపులు నిండాయి. కానీ గుడ్డు, పాలు, ఆకుకూర ఏవి? ఉన్న కాస్త పప్పు ముందు మగవాళ్లకి, తర్వాత పిల్లలకి, అడుగున మిగిలిన నీళ్లు ఆడదానికి. గర్భిణి అయినా అంతే. ఇది తుఫాను తెచ్చిన అలవాటు కాదు, మన ఇళ్లలో ముందునుంచీ ఉన్నదే.

ఇంకో మాట, సిగ్గుగా ఉన్నా చెప్పాలి. ఆ నెల మా సంఘంలో వాయిదాలు ఆపలేదు. సంఘం గ్రేడు పోతుందని భయం. కూలి పనులు లేవు. ఐదో నెల గర్భిణి ఒకామె టైముకి కట్టేసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఎలా కట్టిందో తర్వాత తెలిసింది. గుడ్లూ పాలూ మానేసి, మధ్యాహ్నం గంజి తాగి కట్టింది. పరీక్ష చేస్తే రక్తం 7 పాయింట్లే ఉంది. బిడ్డ 2 కేజీల బరువుతో పుట్టింది. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది, బాగానే ఉంది. కానీ మా మీటింగు పుస్తకంలో ఆ నెల వసూలు నూరు శాతం అని రాసి ఉంది. ఆ రాత మాదే.

పాలిచ్చే తల్లుల సంగతి వేరు. భయానికి పాలు ఎండిపోయాయని ఇళ్లలో సీసాలు పట్టించారు. డబ్బా పాలు ఏ నీళ్లతో కలిపారు? కాచడానికి గ్యాస్ కూడా లేదు. పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. భయపడితే పాలు దిగడం కాసేపు ఆలస్యమవుతుంది గాని ఎండిపోవు, పదేపదే రొమ్ము పట్టిస్తే వస్తాయి. ఆరు నెలల లోపు బిడ్డకి తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు. విరేచనాలైతే ఓఆర్‌ఎస్, డాక్టరు చెప్పినట్టు 14 రోజులు జింకు. పాలు మాత్రం ఆపకూడదు.

ఈ ఏడాది మా సంఘం తీర్మానం చేసింది. తుఫాను వచ్చిన నెలలో గర్భిణుల, బాలింతల వాయిదా సంఘం పొదుపులోంచి సర్దుతాం. వాళ్లు తర్వాత కడతారు, వడ్డీ లేదు. సెప్టెంబరు ఆఖరుకల్లా చోడిపిండి, బెల్లం, వేరుశెనగ గుళ్లు, ఎండు మెత్తళ్లు కొని డబ్బాల్లో పెడతాం. వీటికి ఫ్రిజ్జు అక్కర్లేదు. చోడి అంబలి మన అమ్మమ్మల తిండే, ఇప్పుడు షుగరు వచ్చాక గాని ఎవరికీ గుర్తు రావట్లేదు. తుఫాను వెళ్లిన వారంలోనే అంగన్‌వాడీలో పిల్లల జబ్బ టేపుతో కొలిపిస్తాం. ఆరు నెలలు దాటి ఐదేళ్ల లోపు బిడ్డకి 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అన్ని సంఘాలూ కలిస్తే సరుకు టోకున చవగ్గా వస్తుంది. మీ సంఘాల్లో గర్భిణులు, బాలింతలు, ఐదేళ్ల లోపు పిల్లలు ఎంతమందో భోజనాలకి లేచే ముందు ఆర్పీ గారి దగ్గర రాయించండి.